ఊరికి ఒకటే నోరు

రామతీర్థం రాముడికి మొక్కు ఉందని చెప్పి ఇల్లు కదిలాను. మొక్కు ఉన్న మాట నిజమే. కోడలికి పురుడు సుఖంగా జరిగితే కొండెక్కుతానని ఎప్పుడో అనుకున్నాను. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. ఇన్నాళ్ళు ఆగిన దేవుడు ఇంకో ఏడాది ఆగేవాడే. ఆ వారమే వెళ్ళాలని పట్టుబట్టడానికి కారణం వేరు.

మా పాలెం భావనపాడుకి ఈవల, ఇసుక దిబ్బ చాటున ఉంది. తీరానికి పోర్టు వస్తోంది. మేము ఇళ్ళు ఖాళీ చెయ్యాలి, లోపల రోడ్డు పక్కన కాలనీ కట్టి ఇస్తారు. దాని మీద ఊరి మాట వినడానికి శుక్రవారం అధికారులు వస్తారని కబురొచ్చింది. ఊరి మాట అంటే మా దగ్గర కులపెద్ద మాట. బయటివాళ్ళ ముందు ఊరికి ఒకటే నోరు అని మాకు పాత కట్టుబాటు. పెద్ద మాట్లాడతాడు, తక్కినవాళ్ళు నోరు విప్పకూడదు. విప్పితే ఆ ఇంటి పడవ ముక్కుకి తాడు చుడతారు. ఆ తాడు తీసేదాకా ఆ పడవను ఎవరూ తొయ్యరు, ఎవరూ ఎక్కరు. ఈ కట్టుబాటు చెడ్డదని నేననను. చేపల షావుకార్లు మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ విడదీసి బేరం చెయ్యకుండా కాపాడింది ఇదే.

కానీ పెద్ద అడగబోయేది ఉద్యోగాలు. ఇంటికి ఒకటి. మేము ఆడవాళ్ళం అడగమన్నది దిబ్బ. పడవలు ఒడ్డుకొచ్చేది అక్కడ, చేపల వేలంపాట జరిగేది అక్కడ, నెత్తళ్ళు ఎండేది అక్కడ. కాలనీ ఎక్కడ కట్టినా కట్టండి, దిబ్బనూ దానికి నడిచే దారినీ మాకు ఉంచండి అని అడగాలి. పెద్ద "అది తరవాత సూద్దాం" అన్నాడు. మా మగవాళ్ళు లేదు అనడానికి బదులు తరవాత అంటారు.

పెద్ద పేరు అప్పన్న. పోయిన నా భర్తకు అన్న, నాకు బావ. ఆయన ఎదుట నిలబడి నేనెన్నడూ మాట్లాడింది లేదు. నా కొడుకు ఎర్రయ్య నేను బుట్ట సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు ఏటో మనసులో ఎట్టుకున్నావు. నువ్వు నోరిప్పితే తాడు పడేది నా పడవకి. అది మరిసిపోకు."

"మొక్కు తీర్సుకోడానికి ఎల్తన్నానురా," అన్నాను.

పూర్వం నేను ఎండుచేపల బుట్ట నెత్తినెట్టుకుని విజయనగరం వైపు సంతలకి తిరిగేదాన్ని. అక్కడ ఒక ఊళ్ళో రైతులు ఫ్యాక్టరీకి భూములిచ్చారు. వాళ్ళూ ఉద్యోగాలే అడిగారు. అడిగినవాళ్ళకి ఏమి దక్కిందో శుక్రవారం లోపల నా కళ్ళతో చూడాలి. తోడుకి అప్పన్న బావ భార్య పోలమ్మప్పను తీసుకెళ్ళాను. పెద్ద ఇంటి మనిషి కూడా చూసిందంటే ఆ మాటకి బరువుంటుందని నా ఎత్తు.

నాకు అక్షరాలు జుట్టు నెరిశాక తుఫాను షెల్టరులో వచ్చాయి. అలంకారాలు రాయలేను, చూసింది రాస్తాను. ఒడ్డు పొడుగునా ఉన్న పాలేల ఆడవాళ్ళు చదువుకున్నా, చదివించుకున్నా సరే.

నౌపడ నుంచి రైల్లో

నౌపడలో ప్యాసింజరు ఎక్కేసరికి ఉప్పుమళ్ళ మీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి. ఫాల్గుణం ఇంకా దాటలేదు, అప్పుడే సెగ. మా చేపకి ఉప్పు ఇక్కడి నుంచే వచ్చేది. తెల్లటి కుప్పలు చూస్తే నాకు ఇప్పటికీ చేతులు మండుతాయి.

పోలమ్మప్ప కిటికీ పక్కన కూర్చుని చుట్ట వెలిగించింది. మా వైపు పెద్ద ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటారు. గాలికి ఆరదు, బూడిద రాలదు, పెదవులు మూస్తే పొగ కూడా పెద్దగా బయటికి రాదు. తిలారు దాటాక నల్లకోటు వేసుకున్న టిక్కెట్లావిడ వచ్చింది. ముక్కు ఎగబీల్చింది.

"ఎవరమ్మా చుట్ట కాలుస్తున్నారు? ఫైను పడుతుంది."

పోలమ్మప్ప పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. ఎక్కడికని అడిగితే మోచేత్తో నన్ను పొడిచింది.

"గరివిడి," అన్నాను.

"ఆవిడకి మాటలు రావా?"

"మా ఊల్లో మాటాడ్డానికి ఈవిడ మొగుడున్నాడమ్మా," అన్నాను.

టిక్కెట్లావిడకి అర్థం కాలేదు. ఎదుటి బెంచీ మీద కుర్రవాడికి మాత్రం అర్థమై పకపకా నవ్వాడు. అతనిదీ మా ఒడ్డేనట. గుజరాతు బోట్ల మీద పనిచేసి వచ్చాడట. విజయనగరంలో ఎవరో పని ఇప్పిస్తామంటే వెళుతున్నాడు.

"మీ కాడ పోర్టు వత్తన్నాది గదా మామ్మా, మంచిదే," అన్నాడు. "ఎనిమిది నెల్లు ఇంటి మొకం సూడను. పుట్టిన గుంట నన్ను సూసి ఏడ్సింది, ఎవుడో అనుకుని. పక్కూల్లో గేటు కాడ పని దొరికినా నాను సేత్తాను."

పోలమ్మప్ప చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. ఆమె పెద్దకొడుకు కూడా గుజరాతులోనే ఉన్నాడు. ఏ బోటు మీద, ఏ రేవులో అని కుర్రవాణ్ణి గుచ్చి గుచ్చి అడిగింది.  పోర్టు వద్దని అరిచే మనిషిని కాను, కానీ ఆ కుర్రవాడి మాటా తప్పు కాదు. అది నన్ను దారి పొడుగునా పొడుస్తూనే ఉంది.

స్టేషన్ల పేర్లు నేను చదువుతానని గొప్పగా చెప్పాను. పొందూరు చదివాను, చీపురుపల్లి కూడా చదివాను. ఆ తర్వాత వచ్చిన బోర్డు "గ... రి..." అని కూడబలుక్కుంటుండగా రైలు కదిలింది. కుర్రవాడు మా బుట్ట ప్లాట్‌ఫారం మీదకి అందించాడు, మేము దాని వెనకాలే పడ్డట్టు దిగాము. పోలమ్మప్ప చెప్పు ఒకటి రైల్లోనే విజయనగరం వెళ్ళిపోయింది.

"నీ సదువు మండ! సదువురాని రోజుల్లో ఎప్పుడైనా రైలు తప్పేమా?" అంది.

నిజమే. అప్పట్లో పక్కవాళ్ళని అడిగి దిగేదాన్ని.

గరివిడి

కొత్త చెప్పులు కొనేదాకా పోలమ్మప్ప కదలలేదు. నూట యాభై. ఒంటి చెప్పు ఇస్తే తగ్గిస్తారా అని అడిగితే కొట్టువాడు నవ్వి పది రూపాయలు తగ్గించాడు. లారీలు రాళ్ళ బరువుతో మూలుగుతూ పోతున్నాయి. రోడ్డు పక్క బండి దగ్గర పునుకులు తిన్నాము. ముప్పై రూపాయలకి ఎనిమిది, అల్లం పచ్చడి నాలుక కాలేటట్టు. మా ఒడ్డున చేప తినేవాణ్ణి ఏ చేప అని అడుగుతారు. ఇక్కడ బండి ఆవిడ వచ్చినవాళ్ళనల్లా "ఏ సిఫ్టు?" అని అడుగుతోంది. మమ్మల్నీ అడిగింది.

"మాకు సిఫ్టు నేదమ్మా, పోటూ పాటూ సూసుకుంటాం," అంది పోలమ్మప్ప. సముద్రం పొంగడం, తీయడం అని విడమరిచి చెప్పాల్సొచ్చింది.

నేను వెళ్ళిన ఊరు గరివిడి కాదు. అక్కడి నుంచి ఆటోలు మారి చాలా దూరం పోవాలి. ఊరి పేరు రాయొద్దని ఆ ఊరివాళ్ళు అడిగారు. వాళ్ళలో ఇంకా ఆ ఫ్యాక్టరీలో చేసేవాళ్ళున్నారు. ఊరి పేరూ రాయను, ఫ్యాక్టరీ పేరూ రాయను.

మొక్కజొన్న మీద మబ్బు

ఆ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. తారురోడ్డులో సగం మేర మొక్కజొన్న గింజలు ఆరబోసి, జారిపోకుండా అంచుకి రాళ్ళు పెట్టారు. ఆటోలోంచి దిగి పడమటికి చూశాను.  కింద ఎర్రగా, పైన నల్లగా, పొడుగ్గా సాగిన మబ్బు. సముద్రం మీద అలాంటిది లేస్తే ఎసరు మరిగేలోపు గాలివాన వచ్చి పడుతుంది. ఇంట్లో మగవాళ్ళు నీటి మీద ఉంటే ఆ మబ్బుని చూసి మేము ఏడుస్తాం.

"ఓలమ్మా, గాలివాన వత్తన్నాది! గింజలెత్తండి! బేగి!" అని కేకలు పెట్టాను.

కేకలు పెట్టడం నాకు వృత్తి. చేపల బుట్టతో వీధులు తిరిగిన గొంతు. ఇళ్ళలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. చీపుళ్ళు, చేటలు, నీలం టార్పాలిన్లు. చూస్తుండగానే రోడ్డు పొడుగునా కుప్పలు లేచాయి. అప్పుడు ఒక ముసలావిడ చేట పట్టుకుని పడమటికి చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"ఒలే, నువ్వు సేపల నూకాలివి కాదేటి?"

ఆమె నా పాత బేరం, గౌరమ్మ. తవ్వెడు నెత్తళ్ళకి కుంచెడు చోళ్ళు, అంటే రాగులు, కొలిచేది.

"నానే వదినా! ముందు గింజలు కప్పు!"

"అది మబ్బు కాదే, ఫేక్టరీ పొగ. రోజూ ఈ యేళకి వదుల్తారు. దానికి వానా నేదు, గాలీ నేదు."

రోడ్డంతా నవ్వింది. పోలమ్మప్ప కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఒక ముసలాయన కుప్ప మీద కూర్చుని, "మామ్మా, రేపు కూడా ఈ యేళకి వచ్చి కేకెయ్యి. కుప్పలెత్తడానికి కూలోళ్ళు దొరకడం నేదు," అన్నాడు. ఎండ ఇంకా కాస్త ఉందని మళ్ళీ గింజలు పరిచారు. చేసిన పనికి మేమిద్దరం చీపుళ్ళు పట్టుకుని పరిచాము. లారీ వచ్చినప్పుడల్లా పక్కకి దూకడం, మళ్ళీ రావడం.

"రోడ్డు మీద ఎందుకేటి వదినా? మీకు పెద్ద కళ్ళం ఉండేది గదా. దాని గట్టు మీదే నాను బుట్ట దింపేదాన్ని," అని అడిగాను.

గౌరమ్మ చీపురుతో రోడ్డు అవతలికి చూపించింది. అక్కడ ఒక గోడ ఉంది. నా ఇంట్లో మూడు గుమ్మాలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు, పైన ముళ్ళతీగ.

"అదిగో, ఆ లోపల," అంది.

ఫ్యాను ఉన్న గది

గౌరమ్మ ఇంట్లో చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టారు. నేను తెచ్చిన నెత్తళ్ళు వంకాయలో వేసి వండాము. ఆ వాసనకి పక్కింటివాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చారు. మా ఇళ్ళలో మగవాళ్ళు తిన్నాకే మేము తింటాం. అక్కడ గౌరమ్మ తన మొగుడి పక్కనే పీట వేసుకుని తింది. పోలమ్మప్ప తలుపు చాటుకి జరిగింది.

ఉద్యోగాలు అడిగితే ఏమైందని అడిగాను.

"ఏటవుతాది! ఫేక్టరీవోళ్ళు ఇస్కూల్లో ఒక గదిలో ఫేను ఎట్టేరు. మొగోళ్ళని ఒక్కొక్కణ్ణీ పిలిసేరు. కూలుడ్రింకు ఇచ్చేరు," అంది గౌరమ్మ. "లోపలేటి అడిగేడో బయటికొచ్చి పక్కోడికి సెప్పినోడు నేడు. ఈయనున్నాడు గదా, పక్కలో పడుకున్న నాకే సెప్పనేదు."

ఆమె మొగుడు గ్లాసు దించాడు. "ఉజ్జోగం ఇచ్చేరు గదేటి! నాను పాతికేళ్ళు సేసేను. ఈ డాబా లేసింది, పిల్ల నర్సు సదివింది. అదీ సెప్పు, సెడ్డే సెప్పకు."

"సెప్తాను. ఈయనకిచ్చేరు. ఈయన దిగిపోయేక కొడుక్కి ఇయ్యనేదు, కంట్రాక్టన్నారు. అదీ సెప్తాను."

"మరి కళ్ళం?" అన్నాను.

గౌరమ్మ మొగుడు అంబలిలో ఉల్లిపాయ నంజుకున్నాడు.

"కళ్ళం ఎవుడిదీ కాదు. ఊరిది," అన్నాడు. "నా బూమి గురించి నానడిగేను. ఆడి బూమి గురించి ఆడడిగేడు. ఎవుడిదీ కాందాని గురించి ఎవుడడుగుతాడు? గోడ కట్టినంక సూసుకుంటే కళ్ళం నేదు, పసువులు బీడుకెల్లే దోవా నేదు. ఇప్పుడు గింజ ఆరబెడితే బండోళ్ళు జారి పడతన్నారు, పోలీసులు తిడతన్నారు."

 మాకు ఊరికి ఒకటే నోరు, వీళ్ళకి ఇంటికొక నోరు. మా నోరు దిబ్బ అడగడం లేదు, వీళ్ళ నోళ్ళు అన్నీ కలిపి కళ్ళం అడగలేదు. ఎన్ని నోళ్ళున్నా తప్పిపోయేది ఒకటే అయితే నేను ఏం నేర్చుకుని ఇంటికి పోవాలి? కూర్చోలేక లేచి వెళ్ళి ఆ గోడ పక్కన నడిచాను. అవతల ఏదో పెద్దగా రొద పెడుతోంది. సముద్రం హోరు ఆగి ఆగి వస్తుంది. ఇది ఆగదు. అందులో ఎలా నిద్రపోతారో నాకు తెలియదు.

షెడ్డు

మర్నాడు గౌరమ్మ కోడలు లక్ష్మి పని నుంచి వచ్చాక కొత్త సంగతి విన్నాను. ఆమె ఫ్యాక్టరీ పెరట్లో రాయి ఏరుతుంది. కుప్ప పోసిన రాళ్ళలో మంచిదీ చెడ్డదీ చేత్తో వేరు చేసే పని, అంతా ఆడవాళ్ళే. ఆమె మొహం కడుక్కుంటే నీళ్ళు నల్లగా దిగాయి. టీ తాగుతూ చెప్పింది.

"ఎండలో కూకుని ఏరేవోళ్ళం పెద్దమ్మా. నీడ నేదు, దొడ్డికెల్లడానికి సోటు నేదు. ఒకత్తి లేసి కంట్రాక్టరునడిగింది. మర్నాడు దాన్ని గేటు కాడే ఆపీసేరు. ఇంక నోరిప్పినోళ్ళు నేరు."

"మరి?"

"మరి ఆడు ఇంకోసారి వచ్చి, ఆ పొగరు మాట ఇంకెవులైనా అంతారేటి అన్నాడు. ఒకత్తి రాయి కింద పడేసి, ఆ మాట నాదే అంది. ఆ పక్కది లేసి, ఆ మాట నాదే అంది. అలా కుప్ప సివరిదాకా లేసీసినాం. అందర్నీ ఆపితే రాయెవులేరతారు? నాలుగు దినాలు సూసేడు, దాన్ని మళ్ళీ తీసుకున్నాడు."

పోలమ్మప్ప టీ గ్లాసు కింద పెట్టింది. అప్పుడు అడిగింది.

"ముందు లేసిందెవులే? దాని సావాసగత్తా?"

లక్ష్మి నవ్వింది. "కాదు పెద్దప్పా. దానికీ దీనికీ కుళాయి కాడ తగువు. ఏడాదిగా మాటల్నేవు. అదే ముందు లేసింది."

ఇప్పుడు వాళ్ళకి రేకుల షెడ్డు ఉంది. నెలకోసారి జరిగే మీటింగులో ఇద్దరు ఆడవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు. దొడ్డి కట్టారు. దొడ్లో నీళ్ళు రావు. కూలి పెరగలేదు. లక్ష్మి ఏదీ దాచలేదు, అందుకే ఆమె మాట నమ్మాను. అంతా బాగుపడిందని ఎవరైనా చెబితే నాకు పైకి ఎండి లోపల కుళ్ళిన చేప గుర్తొస్తుంది.

రామతీర్థం

నెల్లిమర్లలో దిగి ఆటోలో రామతీర్థం పోయాము. కింద గుళ్ళో దండం పెట్టుకుని, మొక్కు ప్రకారం కొండెక్కడం మొదలుపెట్టాము. పోలమ్మప్ప కొత్త చెప్పులు కరిచి మడమలు పుండయ్యాయి. అవి విప్పి నా బుట్టలో పడేసింది. సగం ఎక్కి రాతి మీద చతికిలబడ్డాక నేను మనసులో మాట అడిగేశాను. నాకు మాట దాచడం రాదు.

"అప్పా, సుక్కురారం నాను నోరిప్పుతాను. నువ్వు లేత్తావా?"

"నాను లెగను."

"ఆ కళ్ళం సూసేవు. ఆ రాళ్ళేరే గుంట మాటా విన్నావు."

"విన్నాను. నాకు ఉజ్జోగాలే కావాల. ఉజ్జోగం ఉంటే నా కొడుకు గుజరాతు నుంచి వత్తాడు. నీ కొడుకు నీ కంటెదురుగా కూడు తింతన్నాడు, నీకు దిబ్బ కనిపిత్తాది. నాకు కనిపించదు."

అక్కడ ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"వచ్చి ఏటి సేత్తాడు? పోర్టు గేటు కాడ కర్రట్టుకుని నిలబడతాడా? ఆడికి నీల్లు తప్ప ఏటొచ్చు?"

పోలమ్మప్ప లేచింది.  నన్ను వదిలేసి ముందుగా ఎక్కిపోయింది, ఆ పుండు కాళ్ళతోనే.

మొక్కు తీర్చుకున్నాక పక్క కొండ మీద పాత ఇటుకల గోడలున్నాయంటే అటు వెళ్ళాము, ఎడంగానే. ఎప్పుడో బుద్ధుడి సన్యాసులు ఉండేవారట. గుండ్రంగా ఒక ఇటుకల దిమ్మ, వరసగా చిన్న చిన్న గదుల పునాదులు. మా చేతికి రెండింతలున్న ఇటుకలు. అక్కడ కాపలా ఉన్నాయన మంచివాడు, అడక్కుండానే చెప్పాడు. ఇదిగో ఇక్కడ పడుకునేవారు, ఇదిగో ఇక్కడ వర్షం నీళ్ళు పట్టుకునేవారు అని.

పోలమ్మప్ప అన్నీ విని, ఒక గది పునాదిలో నిలబడి అడిగింది.

"ఈళ్ళని ఎవులు లేపేరు బాబూ?"

కాపలాయన నవ్వాడు. "ఎవులూ లేపనేదు మామ్మా. కాలం మారింది, ఆళ్ళే ఎల్లిపోయేరు."

"అలాగని ఆళ్ళు సెప్పేరా?"

ఆయన తల గోక్కున్నాడు. "ఆళ్ళెక్కడున్నారు సెప్పడానికి? పుస్తకాల్లో రాసేరు."

పోలమ్మప్ప ఆ గదిలోంచి వెంటనే రాలేదు. కాళ్ళతో కొలుస్తున్నట్టు అటూ ఇటూ నడిచింది. ప్రసాదం పులిహోర నాకు సగం పెట్టింది కానీ నా మొహం చూడలేదు. నెల్లిమర్ల నుంచి నౌపడ దాకా రైల్లో మా మధ్య బుట్ట ఉంది, మాట లేదు. ఆమె చుట్ట నోట్లోనే ఉంది. ఈసారి టిక్కెట్లవాళ్ళు ఎవరూ రాలేదు.

తుఫాను షెల్టరు

అధికారుల మీటింగు నేను అక్షరాలు దిద్దిన షెల్టరులోనే పెట్టారు. కుర్చీలలో మగవాళ్ళు, గోడ వారన నిలబడి ఆడవాళ్ళం. ఊరికి తిరిగొచ్చినప్పటి నుంచి, అక్కడ చూసినదంతా నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను. కళ్ళం సంగతి చెబితే తలలూపారు. తాడు సంగతి వచ్చేసరికి అందరికీ పొయ్యి మీద ఏదో మాడుతోంది.

అప్పన్న బావ బాగానే మాట్లాడాడు. ఇంటికో ఉద్యోగం, గట్టి శ్లాబు ఇళ్ళు, మంచినీళ్ళు. గుజరాతులో ఉన్న పిల్లల గురించి చెబుతూ తుండుతో మొహం తుడుచుకున్నాడు. కావాలని అన్న మాటలు కావు. దిబ్బ మాట రాలేదు.

"ఇంకెవరైనా చెప్పేది ఉందా?" అని అధికారి అడిగాడు.

"ఊరి మాట అయిపోనాది బాబూ," అన్నాడు బావ.

ఎర్రయ్య నా వైపు చూసి వద్దన్నట్టు తలాడించాడు. గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాను. సంతలో వాడే గొంతే వచ్చింది.

"బాబూ, ఉజ్జోగాలు ఇయ్యండి, ఇల్లు ఇయ్యండి, వద్దనను. దిబ్బ మట్టుకు గోడలో కలపకండి. దానికెల్లే దారి మూయకండి. సేప ఒడ్డుకి రాకపోతే ఈ ఆడోళ్ళందరికీ పని నేదు. మేం నీట్లోకి దిగమని మమ్మల్ని సేపలోళ్ళ కింద ఎవులూ లెక్కెయ్యరు. తెచ్చేది ఆళ్ళయితే అమ్మేది మేం."

 బావ నా వైపు తిరగలేదు. మరదలి మొహం చూసి కోప్పడటం మా ఇళ్ళలో లేదు. గోడని అడిగినట్టు అడిగాడు.

"ఎవులిదీ మాట?"

నాదే అనబోయాను. నా వెనక నుంచి ఇంకెవరో అన్నారు.

"ఆ మాట నాదే."

పోలమ్మప్ప. చుట్ట నోట్లోంచి తీసి చేతిలో పట్టుకుని ఉంది. నలభై ఏళ్ళ కాపురంలో మా ఊళ్ళో బయటివాళ్ళ ముందు ఆమె గొంతెత్తగా విన్నవాళ్ళు లేరు. బావ కుర్చీలో వెనక్కి తిరిగాడు. భార్యని చూడొచ్చు కదా.

"నా కొడుకు రావాల," అంది ఆమె ఆయనతోనే. "వచ్చినోడికి పడవ ఎట్టుకోడానికి సోటుండాల. మనం ఇష్టపడి ఎల్లిపోయేమని రేపెవుడో రాత్తాడు. ఆ మాట నాదే."

ఆ తర్వాత మా పక్కింటి చిట్టెమ్మ అంది. ఆ తర్వాత ఎర్రయ్య పెళ్ళాం, నా కోడలు. ఆ తర్వాత గోడ పొడుగునా, తలుపు దాకా, తలుపు బయట నిలబడ్డవాళ్ళు కూడా. కొందరు గట్టిగా, కొందరు కొంగు చాటు నుంచి. అధికారి పక్కనున్నాయన కలం ఆపి, "ఏం రాయమంటారు సార్?" అన్నాడు. "దిబ్బ, దారి అని రాయి," అన్నాడు అధికారి. పైకి పంపుతానన్నాడు. పైకి అంటే ఎంత పైకో చెప్పలేదు.

ఒడ్డున

శనివారం తెల్లారేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది. గాలి బాగుంది, నీళ్ళు బాగున్నాయి. ఒక్క పడవ కదల్లేదు. ఎర్రయ్య తన పడవకి వీపు ఆనించి నాతో మాట్లాడకుండా నిలబడ్డాడు. ఊరికి కబురు చెప్పే చిట్టయ్య భుజాన కొబ్బరితాడు చుట్ట వేసుకుని వచ్చాడు. పడవల వరస చూశాడు. ఆడవాళ్ళ వరస చూశాడు. అప్పన్న బావ దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దా, ఇది ఒక పడవకే సరిపోతాది. నిన్న నోరిప్పని ఇల్లు ఒకటీ నేదు. ఎవులి పడవకి సుట్టమంతావు?"

బావ తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"కట్టుబాటు ప్రకారమైతే పెద్దింటి నుంచి మొదలెట్టాల," అన్నాడు చిట్టయ్య. వెక్కిరింత కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

ఎవరో కుర్రాళ్ళు నవ్వబోయి ఆపుకున్నారు. బావ తాడు చేతిలోకి తీసుకున్నాడు. తన పడవ ముక్కు దగ్గరికి నడిచాడు.  ఆయన పంతం తెలిసినదాన్ని, చుట్టినా చుడతాడు. ముక్కు మీద చెయ్యి వేసి కాసేపు సముద్రం వైపు చూశాడు. తర్వాత తాడు కొస వేళ్ళతో పురివిప్పి చూశాడు, కొనేవాడిలాగ.

"నా లంగరు తాడు సివికిపోయింది. ఇది పనికొత్తాది," అని పడవలోకి విసిరేశాడు. "ఏటి సూత్తన్నారు, తొయ్యండిరా! గాలి మల్లిపోతాది."

ఎర్రయ్య అందరికంటే ముందు తోశాడు.

పడవలు అలలు దాటాక పోలమ్మప్ప నా పక్కకి వచ్చింది. కొండ మీద నుంచి నాతో అదే మొదటి మాట.

"ఒలే, నా సెప్పులు నీ బుట్టలో ఉండిపోనాయి. నూట నలభై ఎట్టి కొన్నాను, తెచ్చియ్యి."

ఇచ్చాను. వేసుకోలేదు, చేత్తో పట్టుకుంది.

పైనుంచి ఇంకా ఏ మాటా రాలేదు. దిబ్బ కొసన సర్వేవాళ్ళు పాతిన ఎర్రరంగు రాళ్ళు అలాగే ఉన్నాయి. పొద్దున్న లేస్తూనే అవి అక్కడే ఉన్నాయా, ఇటు జరిగాయా అని చూడటం నాకు అలవాటైంది. ఆ రోజు పడవలు తిరిగొచ్చాక రాళ్ళకి ఈవలా ఆవలా గుడ్డలు పరిచి చేప పోశాము. అందులో ఒక రాయి మీద బుట్ట బోర్లించి కూర్చుని, చుట్ట నోట్లోంచి తీసి, మొదటి పాట పోలమ్మప్ప పాడింది.